అవ్వ కూర్చున్న బల్ల



మన ఊళ్లలో ఒకరికి జ్వరము వస్తే వీధి వీధంతా తెలుస్తుంది. కాలు విరిగితే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొని వచ్చిన సంగతి పది మందికీ చెప్పుకుంటాము. పరామర్శకు వచ్చినవారు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకొని వస్తారు. కాని అదే ఇంటిలో ఒకరికి నెల రోజులుగా కంటి మీద కునుకు లేదు, ముద్ద సయించడము లేదు, పొలము వైపు వెళ్లబుద్ధి కావడము లేదు, ఊరికే కన్నీళ్లు వస్తున్నవి అంటే ఆ సంగతిని గడప దాటనివ్వము. "నలుగురికీ తెలిస్తే పిల్లకు సంబంధాలు రావు" అని తల్లి భయపడుతుంది. "పిచ్చి అంటారు" అని తండ్రి భయపడతాడు. ఆ ఇంటికి బత్తాయిలు తెచ్చేవారు ఎవరూ ఉండరు.

ఈ మాసము మనము దాచుకొను ఈ బాధను గూర్చి మాట్లాడుకొందము. ఇది ఒక్క రోగి సంగతి కాదు, ఒక్క ఇంటి సంగతి కాదు. ఊరంతా కలిసి చేయదగిన పని ఒకటి ఉన్నది. అది మనకంటె పేద దేశములో, మనకంటె తక్కువ డాక్టర్లతో జరిగినది. దానిని మీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పేరు ఉన్నది, వైద్యము ఉన్నదని తెలియదు

ఈ బాధకు మన భాషలో పేరు లేక కాదు. బెంగ అంటాము, దిగులు అంటాము. "కొడుకు పోయినప్పటి నుండి ఆమె మనాది పెట్టుకున్నది" అని మన పెద్దలు చెప్పుకోగా విన్నాము. డాక్టర్లు డిప్రెషన్ అని పిలిచే కుంగుబాటును మన అవ్వలు ఆ ఒక్క మాటలో పట్టుకున్నారు. అయితే మనాదికి వైద్యము ఉన్నదని మాత్రము మనకు చెప్పినవారు తక్కువ.

గనుక బాధపడేవాడు దానిని ఒంటి నొప్పిగా చెప్పుకుంటాడు. నీరసము అంటాడు, గుండె దడ అంటాడు, తలంతా బరువు అంటాడు, నరాల బలహీనత అంటాడు. ఊరిలోని ఆర్.ఎం.పి. ఒక సెలైన్ సీసా ఎక్కిస్తాడు. రెండు రోజులు బాగున్నట్లు ఉంటుంది, మూడవ రోజు మళ్లీ అదే. అప్పుడు ఒకరు గాలి సోకినది అంటారు, ఒకరు చేతబడి అంటారు. మన సంఘములలో అయితే "విశ్వాసము చాలలేదు" అనే మాట వస్తుంది. ఇక ఆ మనిషి నోరు మూసుకొంటాడు. బాధకు సిగ్గు కూడా తోడవుతుంది.

ఇటువంటివారు అరుదు అనుకోవద్దు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములలో ఇల్లిల్లూ తిరిగి జాతీయ సర్వే చేశారు. పెద్దవారిలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. మానసిక రుగ్మతలు ఉన్నవారిలో నూటికి 70 మందికి పైగా వైద్యము అందడము లేదు. మన గుడిలో ఆదివారము నూరుమంది పెద్దలు కూర్చున్నారంటే ఈ లెక్క మన చాపల మీద కూడా కూర్చున్నదని తెలిసికొనవలెను.

హరారే నగరములో జరిగినది

ఆఫ్రికా ఖండములో జింబాబ్వే అనే దేశమున్నది. దాని ముఖ్యపట్టణము హరారే. 2005లో అక్కడి ప్రభుత్వము పట్టణములలోని పేదల ఇండ్లను, చిన్న దుకాణములను పెద్ద ఎత్తున కూలగొట్టినది. సుమారు 7 లక్షలమంది ఇల్లో, బ్రతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి అంచనా వేశారు. మన వలెనే అక్కడివారికి కూడా మనాదికి ఒక మాట ఉన్నది. షోనా భాషలో "కుఫుంగిసిస" అంటారు. అతిగా ఆలోచించుట అని దాని అర్థము. ఆ సంవత్సరము ఎంతమందికి ఆ మాట వర్తించినదో మనము ఊహించుకొనవచ్చును.

కోటి మందికి పైబడిన ఆ దేశమంతటిలో అప్పుడు మనోవైద్యులు పట్టుమని పదిహేనుమంది లేరు. వారిలో ఒకరు డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆయన వద్ద వైద్యము పొందుచున్న ఒక యువతి దూరపు ఊరిలో ఉండేది. ఆమె ప్రాణము తీసుకొనబోయి బ్రతికినదని కబురు వచ్చినది. ఆమెను హరారేకు తీసుకొని రమ్మని డాక్టరు తల్లికి చెప్పారు. వారు రాలేదు. కొన్ని వారములకు ఆ బిడ్డ చనిపోయినదని తల్లి ఫోను చేసినది. ఎందుకు రాలేదని అడిగితే ఆ తల్లి చెప్పిన జవాబు ఇది: బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవు.

ప్రియులారా, డాక్టరు ఉన్నాడు, మందు ఉన్నది, వైద్యము చేయు మనసు ఉన్నది. మధ్యలో బస్సు ఛార్జీ లేదు. రోగులు ఆసుపత్రికి వచ్చువరకు కూర్చుంటే చాలదని, వైద్యమే జనుల మధ్యకు వెళ్లవలెనని ఆ డాక్టరుగారికి ఆ రోజున తెలిసినది.

బల్లకు పేరు మార్చిన అవ్వలు

2006లో ఆయన హరారేలోని మ్బారే అనే పేదల పేటలో పని మొదలుపెట్టారు. ఆయనకు ఇచ్చుటకు నర్సులు లేరు, క్లినిక్కులో ఖాళీ గది కూడా లేదు. దొరికినది 14 మంది అవ్వలు. నగర ఆరోగ్య శాఖ తరపున ఇంటింటికీ తిరిగి ఆరోగ్యపు మాటలు చెప్పే పెద్ద వయసు స్త్రీలు. గది లేదు గనుక క్లినిక్కు ఆవరణలో చెట్టు క్రింద ఒక చెక్క బల్ల వేశారు. అవ్వ ఆ బల్ల మీద కూర్చుంటుంది. బాధ ఉన్నవారు వచ్చి ప్రక్కన కూర్చుంటారు.

మొదట డాక్టరుగారు దానికి మానసిక ఆరోగ్యపు బల్ల అని అర్థము వచ్చే పేరు పెట్టారు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆ పేరున్న బల్ల మీద ఎవరు కూర్చుంటారని అవ్వలే ఆయనకు తెలియజెప్పారు. అప్పుడు దానిని స్నేహపు బల్ల అని మార్చారు. ఆ తరువాత జనులు వచ్చారు. ఎర్రగడ్డ అన్నా, వైజాగు పిచ్చాసుపత్రి అన్నా మన ఊళ్లలో ఎగతాళి మాటలైపోయినవి గదా. ఆ మాటలు వినుచు పెరిగిన మనకు ఈ పేరు మార్పులోని జ్ఞానము వేరే చెప్పనక్కరలేదు.

ఈ పని మంచిదని చెప్పుకొనుటతో ఆగక వారు దానిని పరీక్షించి చూచారు. హరారేలోని 24 క్లినిక్కులలో 573 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు అవ్వల వద్ద కూర్చున్నది. రెండవ గుంపుకు మామూలుగా ఇచ్చే వైద్యమును కొంత మెరుగుపరచి ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూడగా రెండవ గుంపులో నూటికి సుమారు 50 మందికి కుంగుబాటు లక్షణములు ఇంకా ఉన్నవి. అవ్వల వద్ద కూర్చున్నవారిలో నూటికి సుమారు 14 మందికే మిగిలినవి. 2016 డిసెంబరులో ఈ ఫలితములు అమెరికా వైద్య సంఘపు పత్రికలో అచ్చయినవి. తరువాత ఆ బల్ల మలావీకి, జాంజిబారుకు, న్యూయార్కు నగరమునకు కూడా చేరినది.

అవ్వ ఏమి చేస్తుంది?

ఆమె డాక్టరు కాదు, మందు వ్రాయదు. ఆమె తర్ఫీదు పొందినది. ఆమె వద్ద 14 ప్రశ్నలున్న కాగితము ఒకటి ఉంటుంది. ఈ వారములో నిద్ర పట్టినదా? ఏడుపు వచ్చినదా? చిన్న సంగతికే కోపము వచ్చినదా? పని వెనుకబడినదా? చనిపోవలెనని అనిపించినదా? ఇటువంటివే ఆ ప్రశ్నలు. జవాబులను బట్టి ఎవరిని తాను చూచుకొనవచ్చునో, ఎవరిని పెద్ద వైద్యమునకు పంపవలెనో ఆమెకు తెలుస్తుంది.

తరువాత ఆమె చేయునది మూడు మెట్లుగా ఉంటుంది. మొదటిది మనసు విప్పించుట. రెండవది లేవనెత్తుట. మూడవది బలపరచుట. బాధలన్నీ చెప్పనిస్తుంది. అందులో ఏ ఒక్కటి ముందు పట్టుకొందమని అడుగుతుంది. దానికి ఏమి చేయవచ్చునో ఆ మనిషి నోటనే రప్పిస్తుంది. చేసి వచ్చి చెప్పమని పంపుతుంది. వారములు గడిచేకొలది ఆరుసార్ల వరకు అలా కూర్చుంటారు. ఆ తరువాత అదే బాధ దాటినవారి గుంపులో కలుపుతారు. ఆ గుంపులో స్త్రీలు పాత ప్లాస్టిక్కుతో సంచులు అల్లుచు, నాలుగు డబ్బులు సంపాదించుకొనుచు కబుర్లు చెప్పుకుంటారు.

ఇది మన ఊరిలో ఎట్లుంటుందో ఒక ఇంటిని తలంచుకొని చూతము. ఏ ఊరిలోనైనా ఉండే ఇల్లే. కౌలుకు తీసుకున్న రెండెకరాల మిరపకు తామరపురుగు పట్టినది. అప్పు పెరిగినది. పెద్దపిల్ల కాలేజీ ఫీజు కట్టవలసి ఉన్నది. ఇంటాయన మాటలు తగ్గించాడు, రాత్రులు వాకిట్లో కూర్చుంటున్నాడు. అట్టివానికి సాధారణముగా మనము చెప్పే మాటలు ఏమిటి? "అందరికీ ఉన్నాయి కష్టాలు." "మగాడివి, నువ్వే ఇలా అయిపోతే ఎలా?" "ప్రార్థన చేసుకో, అన్నీ అవే పోతాయి." మూడూ మంచి మనసుతో చెప్పినవే. మూడూ ఆ మనిషి నోరు మూయించునవే.

ఆ వీధిలోని పెద్దమ్మ తర్ఫీదు పొందినదై ఉంటే ఇట్లు మాట్లాడును.

"ఏరా అబ్బాయ్, రాత్రులు పడుకోవడం లేదంట?"

"ఏమీ లేదు పెద్దమ్మా."

"ఏమీ లేకపోతే వాకిట్లో ఎందుకు కూర్చుంటావు? నాకేం తొందర లేదులే. చెప్పాలనిపించినప్పుడు చెప్పు, కూర్చుంటాను."

అట్లు ఆమె కూర్చుంటుంది. అర గంటకు మాట వస్తుంది. అప్పు, ఫీజు, కౌలు, నడుము నొప్పి, మామగారింట పడిన మాట, అన్నీ కట్ట తెగినట్లు వస్తవి. ఆమె మధ్యలో అడ్డుపడదు. "వీటిలో ముందు ఏది తీరితే నీకు కాస్త ఊపిరాడుతుంది?" అని అడుగుతుంది. ఫీజు అంటాడు. "కాలేజీకి నువ్వొక్కడివే వెళ్లలేకపోతే చిన్నాన్నను వెంటబెట్టుకొని వెళ్లు. గడువు అడిగి రా. గురువారం నాకు చెప్పు." అప్పు అప్పుగానే ఉన్నది. అయినను ఒక్క ముడి కదిలినది, గురువారము తన కొరకు ఎదురుచూచే మనిషి ఒకరున్నారు. హరారే అవ్వలు చేసినది ఇటువంటి పనే.

యోబు స్నేహితులను గూర్చి మనము చాలాసార్లు ప్రసంగించాము. వారు చేసిన మంచి పని వారు మాట్లాడక మునుపే జరిగినది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద మౌనముగా కూర్చున్నారు. పరామర్శకు వెళ్లినప్పుడు మనకు అది చాలా కష్టముగా ఉండే పని.

మన ఊరిలో ఆ బల్ల ఎక్కడ?

ఇది చదివి "మన ఊరిలో రచ్చబండ ఉన్నది గదా" అని కొందరు అనవచ్చును. ఉన్నది. అయితే రచ్చబండ మీద ఆడవారు కూర్చొని మనసు విప్పే వాడుక మన ఊళ్లలో లేదు. మన పేటలవారికి ఆ అరుగు మీద చోటు దొరకని కాలము కూడా మన పెద్దలు చూచారు. పదిమంది తీర్పు చెప్పే చోట బాధ చెప్పుకొనుట కష్టము. గనుక బల్ల ఎక్కడ వేయవలెనో బాధపడేవారినే, ముఖ్యముగా స్త్రీలనే అడగవలెను. అంగన్‌వాడీ వసారా కావచ్చును, బడి ప్రక్క వేపచెట్టు కావచ్చును, వారము మధ్యలో ఖాళీగా ఉండే గుడి వరండా కావచ్చును. గుడి వరండా అయినచో ఒక నియమము ఉండవలెను. అక్కడికి వచ్చు వానిని నీవు ఏ మతము, ఏ కులము అని అడగకూడదు. కూర్చున్నందుకు ప్రతిగా గుడికి రమ్మని అడగకూడదు. ఊరికీ పేటకీ దిగులు ఒకటే.

కూర్చునే మనుష్యులు మనకు కొత్త కారు. పూర్వము మన సంఘములలో బైబిలు స్త్రీలు ఉండేవారు. చేత సంచి పట్టుకొని ఎండలో ఇల్లిల్లు తిరిగి, బాలింత దగ్గర, విధవరాలి దగ్గర కూర్చొనేవారు. వారు ఎన్ని ఇండ్ల దుఃఖములు కడుపులో దాచుకొని వెళ్లిపోయారో లెక్క లేదు. ఇప్పుడు ప్రతి ఊరిలో పొదుపు సంఘములున్నవి, ఆశా కార్యకర్తలున్నారు. మన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థవారు ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, చేతికి టాబ్లెట్ ఇచ్చి, కుంగుబాటు ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు వద్దకు పంపే పద్ధతిని నడిపి చూచారు. మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో మొదలై గుజరాత్‌లోని మెహసానా జిల్లాకు వెళ్లిన పని ఒకటి ఉన్నది. ఊరివారే తర్ఫీదు పొంది తోటివారి మాట వింటారు. దాని పేరు "ఆత్మీయత". ఆ పేరుకు మనము తెలుగు చేయవలసిన పని కూడా లేదు.

ఒక హెచ్చరిక. బల్ల మీద విన్నది బల్ల మీదనే ఉండవలెను. మనలో ఒక అలవాటు ఉన్నది. "ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి, ఇంట్లో ఇలా జరుగుతున్నదట" అని ప్రార్థన మనవి పేరుతో ఇంటి గుట్టును గుడిలో పెడతాము. ఆమె మరుసటి ఆదివారము రాదు. ప్రార్థించుటకు కారణము తెలియనక్కరలేదు, దేవునికి తెలుసు. నోరు కట్టుకోలేనివారిని, ఎంత భక్తిపరులైనను, ఈ పనికి పెట్టకూడదు.

బల్ల చాలని చోట

వినుటతో తీరని జబ్బులు ఉన్నవి. ఎవరికీ వినబడని మాటలు వినబడుట, తనను ఎవరో చంపవచ్చుచున్నారని గట్టిగా నమ్ముట, రోజుల తరబడి నిద్రలేక పెద్ద పెద్ద మాటలాడుట, కాన్పు తరువాత తల్లి బిడ్డను దగ్గరకు రానీయకపోవుట, ఇవి డాక్టరు చూడవలసినవి. ఆలస్యము చేయకూడదు. 1980 దశకములో నిమ్‌హాన్స్ వారు తెలుగువారు కూడా ఎక్కువగా ఉన్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టర్లకు, సిబ్బందికి తర్ఫీదు ఇచ్చి, పల్లెలలోనే ఈ జబ్బులకు వైద్యము చేయవచ్చునని చూపించారు. ఆ అనుభవము మీదనే 1996లో దేశములో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఎక్కడికి వెళ్లవలెనో చెబుతారు. మందులు పని చేయుటకు రెండు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పట్టును. కాస్త బాగుండగానే మాన్పించవద్దు. డాక్టరును అడగకుండా ఆపవద్దు.

"మందు వేసుకుంటే విశ్వాసము లేనట్లేనా?" అని అడిగేవారున్నారు. ఏలీయాను తలంచుకొనండి. చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పడుకున్న ఆ ప్రవక్త వద్దకు వచ్చిన దూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి మరల నిద్రపోనిచ్చాడు. ప్రయాణపు మాట ఆ తరువాత వచ్చినది. దేవుడు తన సేవకుని ఒంటిని ముందుగా చూచుకున్నాడు. రాయవేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల మనోవైద్య కేంద్రములో రోగితో కూడ ఇంటివారు ఒకరు ఉండి వైద్యములో పాలుపంచుకొనే పద్ధతి ఉన్నది. ప్రార్థన, మందు, ఇంటివారి తోడు ఒకదానికొకటి అడ్డు కావు.

మనిషిని గొలుసుతో కట్టి స్వస్థత కొరకు ఎదురుచూచుట మాత్రము ఏ పేరుతోనైనా చేయకూడదు. 2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టబడియున్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. ఏ ఒక్క మతమువారినో వేలెత్తి చూపుటకు ఇది చెప్పుట లేదు. రోగులను విడిచి వెళ్లే చోట్లు అన్ని మతములలోను ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో కట్టుటను నిషేధించినది.

ప్రాణము మీదికి వచ్చినప్పుడు

"నేను లేకపోతే అందరూ సుఖంగా ఉంటారు" అని ఎవరైనా అంటే దానిని బెదిరింపు అనుకొని కొట్టివేయకండి. "చనిపోవాలనిపిస్తున్నదా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని తలంపు పుట్టునని భయపడకండి, అట్లు జరగదు. అడిగినప్పుడు బరువు దిగును. ఆ మనిషిని ఒంటరిగా విడువకండి. పురుగుమందు డబ్బాలు ఇంటిలోగాని, కొట్టములోగాని ఉంచక ఆ పూటకే మరొకరి వశము చేయండి.

ఇది చిన్న సంగతి కాదు. శ్రీలంకలో 1995 నుండి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. తరువాతి 20 సంవత్సరములలో ఆ దేశములో ఆత్మహత్యల రేటు నూటికి 70 వంతుల వరకు తగ్గినది. ఆ తలంపు తరచుగా ఒక గడియ తుపాను వంటిది. ఆ గడియలో చేతికి అందకపోతే తుపాను దాటును, మనిషి మిగులును. తమిళనాడులోని కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతములో రెండు గ్రామములవారు పురుగుమందులన్నిటిని ఇండ్లలో కాక ఒకే చోట, ఎవరి అర వారికి తాళము వేసి ఉంచుకొనే ఏర్పాటు చేసికొని చూచారు. మన పంచాయితీలు, రైతు సంఘములు ఆలోచించదగిన పని అది.

పోలీసు కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్లుట ఆలస్యము చేయకండి. ప్రాణము తీసుకొనబోయిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించవలెనని, శిక్షింపక ఆదుకొనవలెనని 2017 చట్టము చెబుతున్నది. 2022 అక్టోబరు 10 నుండి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉన్నది. నంబరు 14416. రాత్రింబగళ్లు పని చేయును, తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరును గుడి తలుపు లోపలి వైపున, బడిలో, పాల కేంద్రము వద్ద పెద్ద అక్షరములతో వ్రాయించండి. ఇంటరు ఫలితములు వచ్చే వారములో పిల్లలున్న ప్రతి ఇంటికి చెప్పండి.

బస్సు ఛార్జీ

ఇప్పుడు ఆ తల్లి చెప్పిన జవాబును మరల తలంచుకొందము. 15 డాలర్లు. మన ఊరి నుండి జిల్లా ఆసుపత్రికి ఇద్దరు మనుష్యులు వెళ్లి రావడానికి ఎంత అవుతుందో లెక్క వేయండి. దానికి ఆ రోజు పోయే కూలీ కలపండి. మందు ఉచితమైనను నెల నెలా వెళ్లి తెచ్చుకొనే ఖర్చు వలననే చాలామంది మధ్యలో మానివేస్తున్నారు.

మన స్త్రీల సమాజములు ఎసట్లో బియ్యము పోయునప్పుడు పిడికెడు తీసి ప్రక్కన పెట్టే అలవాటును నేటికీ కాపాడుకుంటున్నవి. ఆ పిడికెడు బియ్యముతో గుళ్లు కట్టాము, దూరపు పరిచర్యకు పంపాము. ఈ సంవత్సరము అందులో ఒక వంతు ఆసుపత్రి ప్రయాణమునకు ప్రత్యేకించుదమా? దాని లెక్క ఇద్దరు పెద్దలు చూడవలెను, ఎవరికి ఇచ్చినది చాటకూడదు. డబ్బుతోపాటు ఒక మనిషిని కూడా ఇవ్వవలెను. వరుసలో నిలబడుటకు, చీటీ వ్రాయించుటకు, డాక్టరు చెప్పినది గుర్తుపెట్టుకొనుటకు తోడు కావలెను. ఊరికి తిరిగి వచ్చిన తరువాత "ఆసుపత్రిలో ఏమన్నారు?" అని అందరిలో అడగక, జ్వరము తగ్గినవానిని పలకరించినట్లే పలకరించవలెను.

ఇవన్నీ ఒక్కసారిగా చేయమని చెప్పుట లేదు. ఈ నెలలో మీ సంఘ పెద్దలు, స్త్రీల సమాజము, ఊరి ఆశా కార్యకర్త ఒక సాయంత్రము కూర్చొని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనండి. మన ఊరిలో ఓపికగా వినగల, నోరు కట్టుకోగల ఇద్దరు ముగ్గురు పెద్దవారు ఎవరు? వారికి తర్ఫీదు ఇమ్మని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును ఎవరు వెళ్లి అడుగుతారు? రేపు ఉదయము ఒకరిని జిల్లా ఆసుపత్రికి తీసికొని వెళ్లవలసి వస్తే బస్సు ఛార్జీ ఎవరి వద్ద ఉన్నది?

మూడవ ప్రశ్నకు జవాబు ఆ సాయంత్రమే దొరకవలెను. మిగిలినవి మెల్లగా వచ్చును. ఈలోగా మీ వీధిలో తలుపు వేసికొని ఉన్న ఇల్లు ఒకటి మీకు తెలిసే ఉంటుంది. నాలుగు బత్తాయిలు పట్టుకొని వెళ్లండి. సలహాలు చెప్పనక్కరలేదు. కాసేపు కూర్చొని రండి.

సమాధానకర్తయైన దేవుడు మీ ఇండ్లను, మీ ఊరిని కాపాడును గాక. వచ్చే మాసము మరల కలిసికొందము.